ఏటికి అవతలి పదకొండు ఇళ్లు

మల్బరీ హాలో, ఆర్కన్సా
మార్చి 19, 2024

మామయ్య గారికి ఫణి నమస్కారాలు.

ఫోన్‌లోనే చెబుదామని మూడుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లు అత్తయ్యగారు తీసి మీరు పడుకున్నారన్నారు. మూడోసారి మీరే తీసి, ఏమీ వినపడటం లేదని పెట్టేశారు. అప్పుడు చెవి మిషన్ పెట్టుకునే ఉన్నారని తర్వాత తెలిసింది. ఎవరు చెప్పారో అడగకండి. ఇరవై ఆరేళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి కాబట్టి ఉత్తరం వస్తే చదవకుండా పారేయరని రష్మి అంది. అందుకే ఇది.

శనివారం మా పదో పెళ్లిరోజు వ్రతంలో పీటల మీద నుంచి లేచిపోయాను. తప్పే. సంకల్పం చెప్పుకున్నాక లేవకూడదని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. కానీ పంతులుగారు నాలుగో కథ ఎత్తుకోగానే పేజర్ మోగింది. హైవే పక్కన ఒకాయన గడ్డి కొట్టం అంటుకుంది, పక్క షెడ్డులో డీజిల్ ఉంది. మా ఊరి ఫైర్ స్టేషన్‌లో జీతానికి పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. వాలంటీర్లం పద్నాలుగు మందిమి, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పేజర్ మోగితే పరుగెత్తుతాం. ఆ రోజు పట్టుపంచె మీదే ఫైర్ ప్యాంటు వేసుకుని వెళ్లాను. ఉత్తరీయం మెయిల్‌బాక్స్‌కి తగిలించి పోయానట, పోస్టల్ ఆవిడ తెచ్చి ఇచ్చింది.

మీకు చెప్పే టైమ్ లేదని అనను. చెబితే ఆపుతారని భయపడ్డాను.

తిరిగొచ్చాక గరాజ్ దగ్గర మీరు నా వైపు వస్తుంటే, చేయి అడ్డం పెట్టి 'దగ్గరికి రాకండి' అన్నాను. దాన్ని మీరు వేరే రకంగా తీసుకున్నారని రష్మి చెప్పింది. ఆ మసిలో కాలిన ప్లాస్టిక్కులు, పురుగుమందులు అన్నీ ఉంటాయి మామయ్యా. బట్టలు గరాజ్‌లోనే విప్పి, తలంటు పోసుకునేదాకా మా చిన్నది మాయని కూడా దగ్గరికి రానివ్వను. స్నానం చేసి బయటికొచ్చేసరికి మీ కారు లేదు. నేపర్‌విల్ దాకా పదిగంటల డ్రైవ్, పైగా మీ వయసులో.

ఒక్క మాట, కోప్పడకండి. ప్రసాదం తీసుకోకుండా వెళ్లినవాళ్లకి ఏమవుతుందో పంతులుగారు చదువుతుండగానే నేను లేచాను, నిజమే. కానీ తిరిగొచ్చి నేను తిన్నాను. మీరే తినకుండా వెళ్లారు.

మీ అల్లుడు
ఫణి


నేపర్‌విల్
మార్చి 27, 2024

అల్లుడు గారికి,

మీ ఉత్తరం అందినది. మేము క్షేమంగా చేరినాము.

మీరు మసి గురించి రాసినది చదివాను. అంగీకరిస్తున్నాను. అయితే ఆ సమయంలో నా చేతిలో ఏమున్నదో మీరు చూడలేదు. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న మనిషి అగ్గిలోకి వెళ్లాడే అని, పులిహోర పళ్లెంలో పెట్టుకుని రెండు గంటల సేపు గరాజ్‌లో నిలబడ్డాను. మీరు చేయి అడ్డం పెట్టారు. వియ్యాలవారు, పంతులుగారు, మీ తెల్ల పొరుగువారు అందరూ చూశారు.

మీది ఆరు నెలలకోసారి పొడిగించే కాంట్రాక్ట్ ఉద్యోగం. ఇద్దరు చిన్నపిల్లలు. తా దూర కంత లేదు, మెడకొక డోలు అని మా అమ్మ అనేది. జీతం లేదు, భత్యం లేదు, నిప్పులో దూకడం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

నా మాట సూటిగా చెబుతాను. నాకు ఒక్కతే కూతురు. మొన్న మీరు లేచి వెళ్లాక ఆ పిల్ల కథ అయ్యేదాకా ఒంటరిగా పీట మీద కూర్చుంది. పక్కన ఖాళీ పీట. ఆ దృశ్యం నా కళ్లకు కట్టినట్టుంది. దానికి ఆ బతుకు రాకూడదు. ఆ పని మీరు మానుకోవాలి. అంతకన్నా నాకు కావలసినది లేదు.

ఇట్లు
పద్మనాభం


మల్బరీ హాలో
ఏప్రిల్ 6, 2024

మామయ్య గారికి నమస్కారాలు.

పెళ్లయిన దగ్గర నుంచీ నన్ను 'నువ్వు' అని పిలిచిన మనిషి ఉత్తరం నిండా 'మీరు' అని రాశారు. మా నాన్న బెల్టు తీసినా ఇంత బాధ పడలేదు. పులిహోర సంగతి నాకు నిజంగా తెలియదు. రష్మికి కూడా తెలియదు.

నేనీ పనిలోకి ఎలా వచ్చానో మీకెప్పుడూ చెప్పలేదు. మా ఇంటికి వచ్చేటప్పుడు ఏటి మీద చప్టా దాటారు కదా. వానలు గట్టిగా పడితే అది మునుగుతుంది. అప్పుడు ఫైరింజన్, అంబులెన్స్ హైవే చుట్టూ తిరిగి రావాలి. ఏటికి ఇవతల పదకొండు ఇళ్లు. ముప్పై ఏళ్లు ఈ పదకొండు ఇళ్లనీ చూసుకున్నది వాల్ట్, వ్రతంలో నా వెనక కుర్చీలో కూర్చున్న పెద్దాయన. ఆయనకి మోకాళ్లు పోయాయి. రెండేళ్ల క్రితం ఒక పొద్దున్న ఎర్ర బ్యాగ్ భుజాన వేసుకుని వచ్చాడు. అందులో మందులూ, కట్లూ, గుండె ఆగితే షాక్ ఇచ్చే మిషనూ ఉంటాయి. "ఇవతల వయసులో ఉన్నవాళ్లంతా పొద్దున్నే టౌన్‌కి పోతారు. రోజంతా ఇంట్లో ఉండి లాప్‌టాప్ చూసుకునేవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. అంతే మామయ్యా. నేను ధైర్యవంతుణ్ననో బలవంతుణ్ననో కాదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని.

పోయిన ఏడాది నలభై ఒక్కసార్లు పేజర్ మోగితే, నిప్పు అయిదుసార్లే. మిగతావి పడిపోయిన ముసలివాళ్లు, ఆయాసాలు, ఒకసారి కంచెలో తల ఇరుక్కున్న దూడ. దూడే ఎక్కువ కష్టపెట్టింది.

ఇల్లు గెలవడం గురించి రాశారు. పొద్దున్న ఆరింటికి లేచి మాయకి జడలు వేసేది నేనే. రష్మి కన్నా నేనే బాగా వేస్తానని మాయ మాట. రష్మికీ విహాన్‌కీ లంచ్ డబ్బాలు కట్టి, వాణ్ని ఏడూపదికి బస్సెక్కించి, రష్మి క్లినిక్‌కి బయల్దేరేలోపు దోసె పోస్తాను. శనివారం వాడికి తెలుగు క్లాస్‌కి బెంటన్‌విల్ దాకా డ్రైవ్ చేసుకెళ్లేది నేనే. పేజర్ మోగితే మాయని వాల్ట్ భార్య డార్లీన్ దగ్గర దింపి వెళ్తాను. ఆవిడ మీకు గుర్తుండాలి, వ్రతమంతా చేతులు జోడించుకుని కూర్చుని, పులిహోర మూడుసార్లు వేయించుకున్నారు. మాయకి ఆవిడ దగ్గర ఉంటే నేను గుర్తు రాను.

వేసవిలో రండి. మీరు కోప్పడినా సరే, ఎదురుగా కూర్చుని కోప్పడండి.

ఫణి


నేపర్‌విల్
ఏప్రిల్ 18, 2024

చిరంజీవి ఫణికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్తయ్య రెండుసార్లు చదివించుకుంది. దూడ దగ్గర నవ్వింది. మనవరాలి జడల సంగతి చదివి, "మీరు మీ కూతురికి ఒక్కరోజు దువ్వెన పట్టారా" అని నన్ను అడిగింది.

నువ్వు మంచివాడివి. అందులో నాకు అనుమానం ఎప్పుడూ లేదు. మంచివాడికి వచ్చిన చిక్కేమిటంటే కాదని చెప్పలేడు. ఆ పెద్దాయన బ్యాగ్ తెచ్చి ఇస్తే పుచ్చుకున్నావు, తిరిగి ఇవ్వాలంటే నీకు మొహమాటం. అటువంటప్పుడు పెద్దవాళ్లు పూనుకోవాలి. నేను ఒకచోటికి ఒక ఉత్తరం రాశాను. ఎవరికి, ఏమిటి అని అడగకు. ఉత్తరం రాసి నేను సాధించలేని పని మా ధవళేశ్వరం ఆఫీసులో ఉండేది కాదు.

ఇక్కడ ఇంకా చలి వదల్లేదు. కరివేపాకు మొక్కను రోజూ ఎండలోకి, లోపలికి మోస్తున్నాను. మాయకు, విహాన్‌కు ముద్దులు.

మీ మామయ్య
పద్మనాభం


మల్బరీ హాలో
మే 5, 2024

మామయ్య గారికి నమస్కారాలు.

మీరు మళ్లీ 'నువ్వు' అన్నందుకు సంతోషించాను. కానీ ఈ ఉత్తరం సంతోషంగా రాయడం లేదు.

పోయిన సోమవారం మా ఫైర్ స్టేషన్ చీఫ్ రస్సెల్ ఇంటికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, చాలా మెత్తగా, "మూడు నెలలు ఇంటి సంగతి చూసుకో ఫణీ, ఇదంతా ఎక్కడికీ పోదు" అన్నాడు. పేజర్, ఎర్ర బ్యాగ్ తీసుకున్నాడు. కారణం అడిగితే భుజం తట్టి, "నీకు చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పడానికి నా దగ్గర ఏముంది? రెండు రోజులు ఆలోచించాక తట్టింది. రేడియోలో నా ఇంగ్లీష్ ఎవరికో అర్థం కావడం లేదు. మొహం మీద చెప్పలేక ఇంటి సాకు పెట్టాడు.

దానికి తోడు ఇంకో వింత. చర్చి ఆడవాళ్లు రోజూ ఒకరు మూతపెట్టిన పళ్లెంతో వస్తున్నారు. మాకారోనీ, బంగాళాదుంపల కూర, మళ్లీ మాకారోనీ. ఒకావిడ రష్మి చేయి పట్టుకుని, "నీకు ఏడవాలనిపిస్తే మా ఇంటికి రా" అందట. తను పేషెంట్ల పళ్లు క్లీన్ చేసి అలిసిపోయి వచ్చిన మనిషి. లోపలికి వచ్చి నా మీద విరుచుకుపడింది. "ఊళ్లో నా గురించి ఏం చెప్పావ్ నువ్వు? నేను డిప్రెస్డ్ అనా? వ్రతం రోజు లేచి వెళ్లావని నేను అప్‌సెట్ అయ్యానని చెప్పావా?" అంది. నేనెవరికీ ఏమీ చెప్పలేదంటే నమ్మలేదు. పెళ్లయిన పదేళ్లలో మొదటిసారి మూడు రోజులు మాట్లాడుకోలేదు.

వాల్ట్‌కి ఇంకా చెప్పలేదు. ఆయన తన భుజం మీది నుంచి దించి నా భుజానికి తగిలించిన బ్యాగ్ అది. తీసేసుకున్నారని ఏ మొహంతో చెప్పను? మంగళవారం దారిలో కనిపించి, "అంతా నిమ్మళమేనా?" అంటే నిమ్మళమేనన్నాను.

మీరు కోరుకున్నదే జరిగింది కాబట్టి మీకు చెప్పుకోవడం సులువుగా ఉంది.

ఫణి


నేపర్‌విల్
మే 14, 2024

చిరంజీవి ఫణికి,

బాధపడకు. ఏది జరిగినా మన మంచికే. నీ ఇంగ్లీషుకు ఏమీ లోపం లేదు, అటువంటి ఆలోచన పెట్టుకోవద్దు. ఆ మాట మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

రష్మితో గొడవ పడవద్దు. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. చిన్నప్పటి నుంచీ దానికి ముక్కు మీద కోపం, నా పోలికే.

మన అనురాధ, మీ అత్తయ్య మేనకోడలు, వాళ్ల ఆఫీసులో నీ పనికి సరిపోయే ఉద్యోగం ఉందట. కాంట్రాక్ట్ కాదు, పర్మనెంటు. ఇక్కడికి వచ్చేస్తే మాయ జడలు నేను నేర్చుకుంటాను. మీ చీఫ్‌ను పల్లెత్తు మాట అనకు. ఆయన పెద్దమనిషి.

మీ మామయ్య
పద్మనాభం


మల్బరీ హాలో
మే 29, 2024

మామయ్య గారికి,

డార్లీన్ చనిపోయారు.

శుక్రవారం మధ్యాహ్నం. నాలుగు రోజుల వానలకి చప్టా మునిగి ఉంది, రష్మి పిల్లలతో ఇంట్లోనే ఉంది. రెండింటికి నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. హారన్ ఆపకుండా కొడుతూ వాల్ట్ ట్రక్కు మా గేటులోకి వచ్చింది. దిగను కూడా దిగలేదు. "డార్లీన్ పడిపోయింది, బ్యాగ్ తీసుకుని ఎక్కు" అన్నాడు.

బ్యాగ్ లేదని అప్పుడు చెప్పాను. ట్రక్కులో కూర్చున్నాక. నెల రోజులుగా సిగ్గుపడి దాచిన మాట అక్కడ చెప్పాల్సి వచ్చింది. ఆయన నా వైపు ఒకసారి చూసి ట్రక్కు తోలాడు.

వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తూ పడిపోయారు. నాడి లేదు. గుండె మీద నొక్కడం మొదలుపెట్టాను. షాక్ ఇచ్చే మిషన్ స్టేషన్‌లో అరమీద ఉంది. ఫైరింజన్ హైవే చుట్టూ తిరిగి రావడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ వాల్ట్ నా పక్కన నేల మీద మోకరించి, నాకు లెక్క తప్పిపోకుండా పైకే అంకెలు లెక్కపెట్టాడు. ఆయన మోకాళ్లు వంగవు మామయ్యా. ఎలా కూర్చున్నాడో నాకు తెలియదు.

వాళ్లొచ్చాక మిషన్ పెట్టారు. లాభం లేకపోయింది.

మిషన్ ఉంటే బతికేవారా అని చీఫ్‌ని అడిగాను. "ఎవరూ చెప్పలేరు" అన్నాడు. నేనూ బతికేవారని అనను. బతకరనీ అనను. నిన్న పూడ్చిపెట్టారు. మాయ రోజూ పొద్దున్నే చెప్పులు వేసుకుని డార్లీన్ ఇంటికి వెళ్దామంటుంది.

ఇక నేను ఇక్కడ ఉండలేను. వాల్ట్ కిటికీ మా వంటింట్లోంచి కనిపిస్తుంది. ఈ ఊరికి నేను పనికిరానని వాళ్లకి ముందే తెలిసినట్టుంది, నాకే ఆలస్యంగా తెలిసింది. అనురాధ గారు చెప్పిన ఉద్యోగం ఇంకా ఉంటే కనుక్కోండి. స్కూళ్లు అయిపోయాయి, వచ్చేస్తాం. రష్మి ఒప్పుకుంటుందో లేదో, ఇంకా అడగలేదు.

ఫణి


నేపర్‌విల్
జూన్ 4, 2024

ఫణీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఉద్యోగం ఇంకా ఉంది. అనురాధ మళ్లీ ఫోన్ చేసింది కూడా. నేను నోరు మూసుకుంటే నెల తిరిగేసరికి నా కూతురు, మనవలు నా వీధిలో ఉంటారు. రాత్రంతా ఆ మాటే ఆలోచించాను. మూసుకుని ఉండలేక రాస్తున్నాను.

మీ చీఫ్‌కు ఉత్తరం రాసింది నేను.

ఏం రాశానో దాచకుండా చెబుతాను. నా కూతురు మనోవ్యాధితో మంచం పట్టిందని రాశాను. డాక్టర్లు ఆశ వదులుకోలేదు గానీ భర్త క్షణం కూడా పక్కన లేకుండా ఉండరాదన్నారని రాశాను. పసిపిల్లలను చూసే దిక్కు లేదని, నువ్వు అభిమానంతో ఎవరికీ చెప్పుకోలేకపోతున్నావని, దయచేసి నిన్ను ఆ బాధ్యత నుంచి తప్పించమని, నేను రాసినట్టు నీకు తెలియనివ్వవద్దని రాశాను. టైపు చేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

ఫణీ, పదిహేనేళ్లు ధవళేశ్వరంలో గుమాస్తాగా ఉన్నాను. ఆఫీసులో అందరి సెలవు చీటీలూ నేనే రాసేవాణ్ణి. చీటీలో ఎవరి ప్రాణమైనా పోయే స్థితిలో ఉంటే గానీ సెలవు దొరికేది కాదు. ఒక అటెండరు తాతగారిని నేను మూడుసార్లు చంపాను. రాసేవాడికి తెలుసు, చదివే పోస్టుమాస్టరుకు తెలుసు. ఆయన సగం తీసేసి చదువుకుని సంతకం పెట్టేవాడు. మీ చీఫ్ సగం తీసేయలేదు. రాసిందంతా నమ్మాడు. నమ్మి టోపీ చేతిలో పట్టుకుని నీ ఇంటికి వచ్చాడు. ఊళ్లో ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని వచ్చారు. నీ రెండో ఉత్తరం, కాదు మూడో ఉత్తరం చదివిన రోజే నాకంతా అర్థమైంది. అప్పుడైనా చెప్పి ఉంటే బ్యాగ్ నీకు తిరిగి వచ్చేది. చెప్పలేదు. నేను అనుకున్నది జరిగిందని లోపల సంతోషించాను. ఆ సంగతి కూడా నీకు తెలియాలి.

నీ మాటకు, నీ పనికి ఏ లోపమూ లేదు. రష్మిని నువ్వు ఎవరి దగ్గరా ఏమీ అనలేదు. ఈ ఉత్తరం దానికి చూపించు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. ఇక్కడ కాలినవి నా చేతులు కూడా కావు.

మీ అత్తయ్యకు చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి వేరే గదిలో కూర్చుంది.

పద్మనాభం


మల్బరీ హాలో
జూన్ 11, 2024

ఉత్తరం అందింది. రష్మి చదివింది. ఉద్యోగం గురించి కనుక్కోనవసరం లేదు. ప్రస్తుతానికి ఇంతే.

ఫణి


నేపర్‌విల్
జూన్ 18, 2024

ఫణికి,

రష్మి వాళ్లమ్మకు ఫోన్ చేసింది. నాకు ఇవ్వమని అడగలేదు. నేను పక్కనే ఉన్నాను. చెవి మిషన్ తీసేశాను. ఆ మాటలు దొంగతనంగా వినే హక్కు నాకు లేదు.

నేను రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి మీ చీఫ్‌కు, నా మొదటి ఉత్తరంలో రాసినదంతా అబద్ధమని. రెండోది వాల్ట్ గారికి. ఆ రెండోదానికి నాలుగు రోజులు పట్టింది. ఎన్ని ఉత్తరాలు రాశానో నా జన్మలో, ఒక్కటీ ఉన్నది ఉన్నట్టు రాయలేదని అప్పుడు తెలిసింది. రాస్తుంటే పెన్ను 'విధివశాత్తు' అంటుంది, 'దురదృష్టవశాత్తు' అంటుంది. కొట్టేస్తూ వచ్చాను. చివరికి పదకొండు లైన్లు మిగిలాయి. ఆవిడ పేరు రాసి, ఆ బ్యాగ్ ఆ రోజు నీ దగ్గర లేకపోవడానికి కారణం నేనని రాసి, సంతకం పెట్టాను.

ముందుగా నిన్ను అడగకుండా పోస్టు చేశాను. ఇది కూడా తప్పేమో. అడిగితే నువ్వు వద్దంటావని భయపడ్డాను.

నాకేమీ జవాబు రాయనక్కరలేదు. పిల్లలు బాగున్నారని అత్తయ్యకు చెబితే చాలు.

పద్మనాభం


మల్బరీ హాలో
జూలై 2, 2024

మామయ్య గారికి,

జవాబు రాయొద్దనే అనుకున్నాను. వాల్ట్ పిలిస్తే రాయాల్సి వచ్చింది.

శనివారం వెళ్లాను. అంత్యక్రియల తర్వాత ఆ ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదలు. మీ ఉత్తరం వంటింటి బల్ల మీద ఉంది. కవరు చింపి ఉంది, కానీ కళ్లజోడు కనపడటం లేదు, చదివి పెట్టమన్నాడు. కళ్లజోడు ఆయన చొక్కా జేబులోనే ఉంది. నేను చదివాను. పదకొండు లైన్లూ చదవడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

వాల్ట్ ఉత్తరం మడిచి కవర్లో పెట్టాడు. తర్వాత, "ఆయన కూతురి వయసెంత?" అన్నాడు. ముప్పై అయిదు అన్నాను. "ముప్పై ఏళ్లు ప్రతి శీతాకాలం డార్లీన్ చీఫ్‌కి ఉత్తరం రాస్తానని బెదిరించేది. వాల్ట్‌ని ఇంటికి పంపించండి, నాకు మొగుడు కావాలి అని రాస్తాననేది. ఒకసారి కాగితం తీసి తారీఖు కూడా వేసింది" అన్నాడు. "మరి రాయలేదా?" అన్నాను. "రాయలేదు. ఆ కాగితం వెనక కిరాణా సరుకులు రాసుకుంది" అన్నాడు.

అంతే అన్నాడు. మిమ్మల్ని క్షమించానని చెప్పమని నాతో అనలేదు. అన్నాడని మీకు రాస్తే మీ మనసు కుదుటపడుతుందని నాకు తెలుసు. కానీ మన ఇంట్లో అటువంటి ఉత్తరాలు ఇక వద్దు.

వచ్చేటప్పుడు నేను దాచిన సంగతి ఎత్తాను. బ్యాగ్ పోయిందని ఆ నెలలో ఒక్కసారి చెప్పి ఉంటే, ఆయన తిన్నగా చీఫ్ దగ్గరికి పోయి పోట్లాడి తెచ్చేవాడు. నేను పరువు చూసుకున్నాను. కాబట్టి మామయ్యా, తప్పంతా మీరొక్కరే మోసుకోకండి. నా వాటా నాది.

ఇక రష్మి సంగతి. మీ ఉత్తరాలు, నా ఉత్తరాల కాపీలు అన్నీ బల్ల మీద పరిచి వరుసగా చదివింది. చదివి ఏమందో ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "ఇన్ని లెటర్స్ రాసుకున్నారు మీరిద్దరూ. అన్నీ నా గురించే. నేను ఒంటరిగా పీట మీద కూర్చున్నానని డాడీ, నేను ఒప్పుకుంటానో లేదోనని నువ్వు. నన్ను ఒక్కళ్లన్నా అడిగారా? ఆ రోజు నేను పీట మీద కూర్చుని ఏమనుకున్నానో తెలుసా? నువ్వు ఊళ్లో లేని రోజు పేజర్ మోగితే ఎవరు వెళ్తారు అని."

ఆమె మర్నాడు స్టేషన్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్లింది. చీఫ్ ఆమెను చూసి టోపీ తీశాడట. ఆమె, "నాకు ఏ జబ్బూ లేదు, అప్లికేషన్ ఫారం ఇవ్వండి" అందట. ఎర్ర బ్యాగ్ మన ఇంటికి తిరిగి వచ్చింది. తీసుకున్నట్టు సంతకం మీ అమ్మాయిది. ట్రైనింగ్ ఆగస్టులో మొదలవుతుంది, డిసెంబరు దాకా ఉంటుంది. మంగళవారం, గురువారం సాయంత్రాలు. అప్పటిదాకా పేజర్ నాదే, ఆ సాయంత్రాలు మోగినా నేనే వెళ్లాలి.

ఇది చదివి మీ గుండె ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక్కతే కూతురని రాశారు, మరిచిపోలేదు. నాకూ భయంగానే ఉంది. ఆమె ఆ ఫారం నింపుతుంటే పక్కన నిలబడి చూశాక, మీరు రెండు గంటలు గరాజ్‌లో ఎలా నిలబడ్డారో అర్థమైంది.

పగళ్లూ, ఆ రెండు సాయంత్రాలూ పిల్లల దగ్గర ఒక మనిషి ఉండాలి. డార్లీన్ ఉండేవారు. ఇప్పుడెవరూ లేరు. అత్తయ్యగారినీ మిమ్మల్నీ రమ్మని రష్మి చెప్పింది. మీతో ఫోన్‌లో మాట్లాడటానికి ఇంకా మనసు రావడం లేదట, నన్ను రాయమంది. వాల్ట్‌కి కూడా చెప్పాను మీరు రావచ్చని. సరేనన్నట్టు తలూపాడు.

నా కోపం ఇంకా పోలేదు మామయ్యా. అది పోయేదాకా ఆగకండి.

మీ అల్లుడు
ఫణి